బూజు పట్టిన కానుగతోపు

మొన్న వేసవిలో మా చెల్లెలి మనవడు ఇంటిస్థలం కొంటున్నానని, పెద్దదాన్ని ఒకసారి చూసి చెప్పమని, నన్ను కారెక్కించుకుని అనకాపల్లి నుంచి సబ్బవరం వెళ్ళే దారిలో ఒక లేఔటుకు తీసుకుపోయాడు. స్థలాల సంగతి నాకేం తెలుసు? బతుకంతా హైస్కూల్లో సైన్సు చెప్పినదాన్ని. అయినా పిలిస్తే కాదనే అలవాటు నాకు లేదు, పైగా ఇంట్లో ఫ్యాను కింద కూర్చుని కూర్చుని విసుగెత్తి ఉన్నాను. అక్కడ ఒక పొక్లెయిను ఎర్రటి మెట్టను కోసి చదును చేస్తోంది. రంగురంగుల జెండాలు పాతారు. బ్రోకరు కుర్రాడు బూటు మడమతో నేలను గట్టిగా పొడిచి, "సూడండి మేడమ్, నేల ఇనుములాగున్నాది. ఎంత వానొచ్చినా సుక్క లోపలికి దిగదు," అన్నాడు. మావాడి ముఖం విప్పారింది. పునాది గట్టిగా నిలుస్తుందని వాడి సంతోషం. నాకు మాత్రం ఒళ్ళు మండింది. "దిగని నీళ్ళు ఎటు పోతాయయ్యా?" అని అడిగాను. "డ్రైనేజీ ఏత్తన్నాం కదండీ," అన్నాడు ఆ కుర్రాడు, ఈ ముసలావిడకు ఇంత చిన్న సంగతి కూడా తెలియదా అన్నట్టు. వాడి తప్పేం లేదు. అది మా నాన్న ఉద్యోగం చేసిన ఎర్రమెట్ట అనీ, ఆ పొక్లెయిను నిలబడ్డ చోటుకు కాస్త కిందుగా మా సత్తెమ్మత్త మడి ఉండేదనీ వాడికెలా తెలుస్తుంది? తిరిగి వచ్చేటప్పుడు కారులో మావాడు ఏదో అడుగుతూనే ఉన్నాడు, నేను ఊఁ కొడుతూ కూర్చున్నాను.

మా నాన్న ఫారెస్టరు. ఫారెస్టరంటే పులులు తిరిగే అడవి ఊహించుకోకండి. ఆయన అడవి మొత్తం ఒక బోడి ఎర్రమట్టి మెట్ట, దాని మీద పైవాళ్ళు పరీక్ష కోసం నాటించిన నాలుగు రకాల చెట్లు, అంతే. అరవైల్లో సంగతి. చుట్టుపక్కల కొండలన్నీ వంటపొయ్యిల్లోకీ బెల్లం పొయ్యిల్లోకీ పోయి గుండ్లు కొట్టించుకున్నట్టు తయారయ్యాయి. వాటి మీద ఏ చెట్టు వేస్తే బాగుంటుందో తేల్చడానికి మా నాన్న మెట్టను ఎంచుకున్నారు. నీలగిరి, సరుగుడు, జీడిమామిడి, కానుగ. ఒక్కో రకానికి ఒక్కో తోపు. ఒక్కో తోపులో సగానికి ఎరువు వెయ్యాలి, సగానికి ఏమీ వెయ్యకూడదు. ఎరువంటే పెంట కాదు, అప్పుడప్పుడే రైతులకు అలవాటవుతున్న అమ్మోనియా. నాన్న బస్తాలను బండి మీద మెట్ట దాకా తోలించి, ఒక్కో చెట్టు మొదట్లో తన చేత్తోనే చల్లేవాడు. కూలీల చేతికిస్తే దేనికి పడిందో దేనికి పడలేదో తెలియకుండా పోతుందని ఆయన భయం. మా అత్త దాన్ని "సర్కారోళ్ళ ఉప్పు" అనేది.

మేము అనకాపల్లి ఊరి చివర ఒక పెంకుటింట్లో అద్దెకుండేవాళ్ళం. చలికాలం వచ్చిందంటే పొద్దున్న లేచేసరికి గాలిలో కాగే చెరుకురసం వాసన, వీధిలో మార్కెట్టుకు పోయే బెల్లం బళ్ళ చప్పుడు. నాన్న దగ్గర మాత్రం ఏ కాలంలోనైనా ఒకటే వాసన, చెమట, ఖాకీ గుడ్డ, నలిగిన ఆకు కలిసిన వాసన. సాయంత్రం సైకిలు గోడకు ఆనించి, చొక్కా జేబుల్లోంచి మట్టిపెళ్ళలు తీసేవాడు. ఏ తోపు పెళ్ళను ఆ తోపు ఆకులోనే చుట్టి తెచ్చేవాడు, సరుగుడుది మాత్రం దాని పుల్లలతో కట్టి. వాటిని వంటింటి గడప మీద వరసగా పెట్టి, ఇత్తడి గ్లాసుల్లో నీళ్ళు పోసి, ఒక్కో గ్లాసులోకి ఒక్కో పెళ్ళను మెల్లగా దించి, ఎదురుగా పీట వేసుకుని కూర్చునేవాడు. కాళ్ళు కడుక్కోవడం, కాఫీ తాగడం అన్నీ ఆ తరవాతే. ఇంట్లో ఉన్న గ్లాసులన్నీ ఆ పనికే పోతే అమ్మ ఊరుకుంటుందా?

"సుట్టాలొత్తే ఈ మట్టి గ్లాసుల్తోనే మంచినీళ్ళు ఇమ్మంటారేటండీ?"

"ఒక్క గడియుండు. ఇటు సూడు, ఈ పెళ్ళ సూడు ఏటవుతందో."

అమ్మ తిట్టుకుంటూనే చూసేది. మేమూ చూసేవాళ్ళం. నీలగిరి తోపులో ఎరువు పడిన పక్కనుంచి తెచ్చిన పెళ్ళ నీళ్ళు తగలగానే అంచులు జారి, పాలల్లో నానిన రొట్టెలాగ కూలబడి, గ్లాసు అడుగున ఎర్రటి బురదయ్యేది. ఎరువు పడని పక్కదీ అంతే, కాకపోతే కాస్త తీరుబడిగా. సరుగుడుది, జీడిమామిడిది మధ్యరకం. కానుగతోపు పెళ్ళ మాత్రం బుడబుడమని గాలి వదిలి, ఉన్నచోటే ఉండేది. వేలితో కదిపితే సగ్గుబియ్యం గింజల్లాగ విడిపోయేదే తప్ప నీళ్ళు ఎర్రబడేవి కావు. అక్కడ కూడా ఎరువు పడని పక్కదే గట్టిగా నిలిచేది. "ఇది గుల్లగున్నాది, నీళ్ళు తాగుతాది," అనేవాడు నాన్న. "అది కూలిపోతన్నాది. వానకి పైన సెక్కు కట్టేత్తాది. ఇంక నీళ్ళు దిగవు, మట్టిని అట్టుకుని కిందకి పోతాయి." ఆయన ఏ మాటైనా ఒకే గొంతుతో చెప్పేవాడు. నేను పరీక్ష పాసయ్యానన్నా, వీధిలో ఎవరో పోయారన్నా అదే గొంతు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, దీనివల్లే అంతా వచ్చింది.

నిజానికి మొదట్లో ఆయనకు నేల మీద ఇంత ధ్యాస లేదు. పైవాళ్ళు అడిగింది చెట్ల ఎత్తు, లావు. అవి కొలిచి పంపితే ఆయన పని అయిపోయేది. ఎరువు పడిన నీలగిరి చెట్లు చూస్తూండగా తాటిచెట్లంత ఎదిగిపోతుంటే బస్తాలు మోసినవాడిగా ఆయనా మురిసిపోయాడు. ఆయన తల కిందికి వంచి నేలను చూసేలా చేసింది సత్తెమ్మత్త మడి.

సత్తెమ్మత్త నాన్నకు అక్క. మావైపు అక్కను అప్ప అంటాం. చిన్నప్పుడే భర్త పోయాడు, పిల్లలు లేరు. మెట్ట కిందున్న ఊళ్ళో ఒక తాటాకిల్లు, మెట్ట వారనే ఒక మడి. ఆ మడిలో పండిన వడ్లే ఆమెకు ఏడాది తిండి. దాని మీద బతికి, ఎవరి ముందూ చెయ్యి చాపకుండా తలెత్తుకు తిరిగేది. మా ఇంటికి వచ్చినా వట్టి చేతులతో వచ్చేది కాదు. చోడిపిండో, ములక్కాడలో, ఏమీ లేకపోతే కొంగున కట్టిన రెండు కోడిగుడ్లో అమ్మ చేతిలో పెట్టాకే కంచం ముందు కూర్చునేది. అమ్మ వద్దంటే తినకుండా లేచిపోయేది. అంత పౌరుషం. ఆమెకున్న రెండో ఆధారం చీపురు. మా పల్లెల్లో ఆడవాళ్ళు జీడితోటల కింద రాలిన ఆకు ఊడ్చి, గోతాల్లో కూరి, పొయ్యిలోకి వాడుకునేవారు, మిగిలింది అమ్ముకునేవారు. సత్తెమ్మత్త నెత్తి మీద ఆకుమూట పెట్టుకుని అనకాపల్లి బజారులో ఖాసిం సాయిబు గారి రొట్టెల బట్టీకి తెచ్చేది. "సత్తెమ్మా, నీ ఆకులో మట్టి ఉండదమ్మా, ఖుషీగా మండుతాది," అనేవాడాయన. ఆ మాటను ఆమె మా ఇంట్లో ఎన్నిసార్లు చెప్పుకుందో. శుభ్రం అంటే ఆమెకు పిచ్చి. ఆమె వాకిట్లో అన్నం మెతుకు పడితే కళ్ళకద్దుకుని తినవచ్చు.

ఆ మడికి ఒకటే శత్రువు, మెట్ట మీంచి దిగే ఎర్రనీళ్ళు. గట్టి వాన పడిందంటే ఆ నీళ్ళు కంకర తెచ్చి మడి మీద మేట వేసేవి. వరి నిలువునా కంకరలో కూరుకుపోయేది. అత్త ఆ కంకర తట్టలకెత్తి గట్టు అవతల పోసుకునేది. మళ్ళీ వాన, మళ్ళీ తట్ట. అలాంటిది, కానుగ చెట్లు గుబురుగా ఎదిగి కింద ఆకు మందంగా పరుచుకున్నాక ఎర్రనీళ్ళు తగ్గాయి. కానుగతోపు సరిగ్గా ఆ మడికి పైనే ఉంది. పక్కనున్న నీలగిరి తోపు కిందనుంచి వానాగకముందే కాలవ పరుగెత్తేది. కానుగతోపు కిందనుంచి వాన వెలిశాక ఎప్పటికో, తేటగా, ఊటలాగా నీళ్ళు వచ్చేవి. నాన్న గొడుగేసుకుని గట్టు మీద నిలబడి ఇది చూశాడు. మట్టిపెళ్ళలు జేబులో వేసుకోవడం అప్పుడు మొదలైంది. పెద్దాఫీసరు వచ్చి చూసి, మెట్ట మొత్తానికీ ఒక రకం ఖాయం చేస్తాడని కబురు వచ్చాక, ఆ రకం కానుగ కావాలని నాన్న మనసులో గట్టిగా పడిపోయింది. కానుగైతే అప్ప మడి నిలుస్తుంది. నీలగిరైతే ఉన్న కానుగను కూడా కొట్టేసి వేస్తారు, మడి పోతుంది. ఇంతే లెక్క.

నాన్న ఒక్క పొరపాటు చేశాడు. కానుగతోపులో ఆకు ఊడవొద్దని అత్తకు మొదటే చెప్పాడు గాని, ఎందుకో చెప్పలేదు. "ఒద్దప్పా, ఎవరైనా సూసేరంటే నా ఉద్యోగానికి మాటొత్తాది," అన్నాడు. తమ్ముడి ఉద్యోగం అనేసరికి ఆమె మరో మాట అడగలేదు. సర్కారు ఆకు సర్కారుది, ఎత్తుకుపోతే దొంగతనం అవుతుంది కాబోలు అనుకుని ఊరుకుంది. నేలకు ఆ ఆకు కప్పు అనే సంగతి ఆమె చెవిన ఎవరూ వెయ్యలేదు.

భాద్రపదంలో ఒక ముసురు రోజు. ఆకుమూట బట్టీలో దించి వచ్చిన అత్తను వాన ఆపేసింది, సాయంత్రం మా ఇంట్లోనే ఉండిపోయింది. నాన్న, అత్త, మేము పిల్లలం వరసగా కూర్చున్నాం. అమ్మ ఆనపకాయ పులుసు వడ్డిస్తోంది. నాన్న అన్నం కలుపుకుంటూ అన్నాడు.

"ఇయాల కానుగతోపులో ఆకెత్తి సూసేను. అడుగంతా బూజట్టేసినాది."

"బూజా?" అంది అత్త.

"బూజే. తెల్లగా, దారాల్లాగ. మట్టిలోకంటా అల్లుకుపోనాది. ఎరువేసిన పక్క కొంచెం తక్కువ. ఎరువెయ్యని పక్కైతే మరి సెప్పక్కర్నేదు."

"రామరామ," అంది అమ్మ.

"పెద్దాఫీసరు వత్తాడు కదా. ఆ బూజు గాని ఆయన కంటపడితే మన మెట్ట సంగతి తేలిపోద్ది," అన్నాడు నాన్న, పులుసులో ములక్కాడ నములుతూ.

ఆయన గొంతులో ఆనందం ఉందో ఆందోళన ఉందో కనిపెట్టడం ఎవరి తరమూ కాదని ముందే చెప్పాను. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ మాటను తెలుగు తెలిసిన ఏ ఆడది విన్నా సత్తెమ్మత్తకు అర్థమైనట్టే అర్థమవుతుంది. బూజు పట్టిందంటే ఆ ఇంటి ఆడదానికి నామర్దా. పరాయివాడి కంట పడితే మన సంగతి తేలిపోతుందంటే కొంప మునిగిందనే. తరవాత నేను పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు వాటిని శిలీంధ్రాల పోగులు అనేదాన్ని. అవి, సన్నని వేళ్ళు, కుళ్ళిన ఆకు జిగురు కలిసి మట్టిరేణువులను గింజలు గింజలుగా పట్టి ఉంచుతాయి. నాన్న వేలితో కదిపితే విడిపోయిన సగ్గుబియ్యం అదే. ఆ రోజు నాన్న గనక శిలీంధ్రం అని ఉంటే అత్తకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, ఆమె మడి బతికిపోయేది. ఇంట్లో వాడే మాట వాడాడు. అత్త ఆ రోజు పెరుగన్నం తినకుండానే లేచింది, ఆకలి లేదంది.

పెద్దాఫీసరు ఆశ్వయుజంలో వచ్చాడు. మెట్ట దగ్గర ఆయనకు భోజనం అత్త ఇంట్లోనే ఏర్పాటు. అందుకని అమ్మా నేనూ పొద్దున్నే జట్కాలో వెళ్ళాం. అంతకు ముందు రోజులన్నీ నాన్న అనకాపల్లిలోనే ఆఫీసరు బసకూ జీపుకూ తిరుగుతూ ఉన్నాడు, మెట్ట వైపు రాలేదు. అత్త మమ్మల్ని చూసి గుమ్మంలోంచే నవ్వింది. కొత్తచీర కట్టింది. అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి. "ఏటి వదినా ఈ సేతులు?" అని అమ్మ అడిగితే, "తోపు సూద్దువు గాని, అప్పుడు సెప్తాను," అంది. కోడికూర పొయ్యి మీద ఉడుకుతుండగా జీపు చప్పుడైంది. ఆఫీసరూ నాన్నా ముందు, అత్తా అమ్మా నేనూ, ఊరి ఆడవాళ్ళు కొందరూ కాస్త దూరంగా వెనక నడిచాం.

అలాంటి అడవిని నేను మళ్ళీ చూడలేదు. కానుగతోపులో ఒక్క ఆకు లేదు. నేలను పారతో చెక్కి, పేడనీళ్ళు చల్లి, కాళ్ళతో తొక్కి, అచ్చం నూర్పుల కళ్ళం చేసినట్టు చేశారు. పైనున్న గుల్లమట్టినంతా చెక్కి గట్టు మీంచి అవతల పోశారు. ప్రతి చెట్టు మొదలుకూ సున్నం పట్టీ. చెట్లకూ చెట్లకూ మధ్య చుక్కలు పెట్టి ముగ్గులు. ఊడ్చిన ఆకు ఒక మూల గుట్టగా పోసి, దొంగతనం మాట రాకుండా పైన తాటాకు కప్పి తాడు కట్టారు. అత్త ఊళ్ళో తోటి ఆడవాళ్ళందరినీ బతిమాలి తెచ్చుకుంది. వాళ్ళంతా అక్కడే నిలబడి ఆఫీసరు ముఖం చూస్తున్నారు.

ఆఫీసరు ఆగిపోయాడు. "ఇదేమిటండీ, ప్లాంటేషనా, కల్యాణమండపమా?" అని పెద్దగా నవ్వాడు. మంచివాడే, నవ్వులో వెటకారం లేదు. చేతికర్రతో నేలను పొడిచాడు, కర్ర దిగలేదు. "ఈ నేల గుల్లగా ఉందని కదా మీరు చెప్పారు?" అన్నాడు నాన్నతో.

నాన్న వంగి ఒక ముగ్గుచుక్క పక్కన నేలను గోటితో గీకి చూశాడు. "ఆకు కింద బూజు ఉండేదండి," అన్నాడు.

"బూజా?"

అత్త ఇక ఆగలేకపోయింది. కొంగు నడుం చుట్టూ దోపుకుని ముందుకు వచ్చేసింది. "నేదు బాబూ! మా తమ్ముడు ఎరక్క అంతన్నాడు. ఒక్క పోగు నేకుండా దులిపేసేం. ఏ మూలైనా సూసుకోండి. ఆకు కూడా అట్టుకెళ్ళనేదు, అదిగో, లెక్క సూసుకోండి!"

అమ్మ నవ్వాపుకోలేక నా భుజం వెనక ముఖం దాచుకుంది. ఆఫీసరు నీలగిరి తోపుకు నడిచాడు. ఎరువు పడిన చెట్లు తిన్నగా, ఎత్తుగా, చూడముచ్చటగా ఉన్నాయి. తల పైకెత్తి చాలాసేపు చూశాడు. కాగితం మిల్లులకు ఈ కర్ర ఎంతైనా కావాలని చెప్పాడు. కోడికూర బాగుందని రెండోసారి వడ్డించుకున్నాడు. జీపెక్కే ముందు మెట్టకు నీలగిరే ఖాయం చేస్తున్నానన్నాడు. బూజు చూసి ఉంటే మాత్రం మరోలా అనేవాడా అని నేను చాలాసార్లు అనుకున్నాను. అనేవాడు కాదేమో. అంత ఎత్తు చెట్లు కళ్ళెదుట ఉండగా నేలను వంగి చూసేవాళ్ళు తక్కువ.

జీపు పోయాక నాన్న అత్తను గట్టు మీద కూర్చోబెట్టి ఆ బూజు ఏమిటో అప్పుడు చెప్పాడు. తిట్టలేదు. తిట్టింది ఆమే. "ఓరెదవా! ఆ ముక్క ముందే సెప్పాల కాదేటి? మంచి బూజని ఒకటుంటాదని నాకెలాగ తెల్సుద్ది?" అని నెత్తి కొట్టుకుంది. మర్నాటి నుంచి ఆ తాడు విప్పి, ఆకునంతా తట్టలతో తెచ్చి, ముగ్గుల మీద తిరిగి పరిచింది. అప్పటికి మేమంతా దాన్ని తలచుకుని నవ్వుకుంటూనే ఉన్నాం. ఆకైతే తిరిగి వెళ్ళింది గాని, చెక్కేసిన మట్టి వెళ్ళలేదు. తొక్కిన నేల మీద ఆకు చాపలాగ పరుచుకుని ఉందంతే, లోపలికి పట్టుకున్నది ఏదీ లేదు.

కార్తీకంలో తుఫాను పట్టింది. వరి పాలు పోసుకునే సమయం. అనకాపల్లిలో మా పెంకులు కొన్ని ఎగిరిపోయాయి, ఇల్లంతా గిన్నెలు పెట్టుకుని కూర్చున్నాం. వాన తగ్గిన పొద్దున నాన్నా నేనూ నడిచి వెళ్ళాం, సైకిలు పోయే దారి లేదు. మడి ఉండాల్సిన చోట మడి లేదు. గట్టుతో సమంగా ఎర్రకంకర. అక్కడక్కడ వరికొసలు బయటికి కనబడుతున్నాయి. అత్త ఏడవడం లేదు. గట్టు మీద గొంతుక్కూర్చుని ఆ కొసలవైపు చూస్తోంది. నాకైతే ఆ కంకర చూడగానే ఏడుపొచ్చేసింది. నాన్న ఆమె పక్కన కూర్చున్నాడు.

"నానే తుడిసేసుకున్నాను కాదేటిరా, తమ్ముడా?" అంది అత్త. "నా సేతుల్తో నానే."

"కాదప్పా," అన్నాడు నాన్న. ఎప్పటి గొంతే. "ఇది కానుగతోపు నించి రానేదు. నీలగిరి పక్కనించి కాలవ తెగి ఇటు తిరిగినాది. నాను మెట్టెక్కి సూసే వత్తన్నాను."

నాన్న మెట్ట ఎక్కలేదు. పొద్దున్నుంచీ నేను ఆయన వెంటే ఉన్నాను. ఇంట్లోంచి తిన్నగా మడి దగ్గరికే వచ్చాం. చెట్టు ఎత్తు కొలతలో వేలు వెడల్పు తేడా వస్తే మళ్ళీ మెట్టెక్కి కొలిచి వచ్చే మనిషి, ఆ మాట చెబుతుంటే నేను తల వంచుకుని బురద కాళ్ళు చూసుకున్నాను. అత్త ఆయన ముఖంలోకి చూసి, "మెట్టెక్కేవా?" అని అడిగింది. "ఎక్కేను," అన్నాడు. ఆమె లేచి చీర దులుపుకుని, "పదండి, గంజి తాగుదురు గాని," అంది.

ఆ ఏడు అత్తకు గింజ రాలేదు. ఇంట్లో నిలవ ఉన్నవి అయిపోయాక మా ఇంటికి వచ్చి ఉంది. మొదటిరోజు అమ్మ చేతిలో పెట్టడానికి ఏమీ లేక, దారిలో కోసుకొచ్చిన తోటకూర పెట్టింది. అమ్మ దాన్ని బంగారంలాగ అందుకుంది. వేసవంతా అత్త, సెలవు దొరికినప్పుడల్లా నాన్న, ఆ కంకర ఎత్తి పోశారు. మడిలో మళ్ళీ వరి పండింది గాని మునుపటిలా కాదు. మెట్ట మీద కానుగ కొట్టేసి నీలగిరి వేశారు. అది ఎదిగేది, కొట్టేవారు, చిగుర్లు లేచేవి, మళ్ళీ కొట్టేవారు. నీలగిరి మీద నాకు పగ లేదు. దాని పుల్లలతో మా పొయ్యి వెలిగింది, దాన్ని పెంచినందుకు నాన్నకు వచ్చిన జీతంతోనే నేను చదువుకున్నాను. చెట్టును దేనికి పెంచామో అది ఆ పని చేసింది. దాని కింద నేల మాత్రం ఏటికేడాది గట్టిపడుతూ పోయింది. ఆ తరవాత కంకర కోసం మెట్టను తవ్వుకుపోయారు, ఇప్పుడు ప్లాట్లు. అప్పుడు మెట్టను చెట్టు ఎత్తుతో కొలిచేవారు, ఇప్పుడు చదరపు గజాలతో కొలుస్తున్నారు. ఆకెత్తి అడుగున ఏముందో చూసిన మనిషిని నేను మా నాన్న ఒక్కణ్ణే ఎరుగుదును, ఆయన చూసినది చెప్పుకోవడానికి సరైన మాట దొరకలేదు.

నేను ఉద్యోగంలో చేరిన కొన్నేళ్ళకు ఒక వేసవి సెలవుల్లో పుట్టింటికి వచ్చాను. నాన్న రిటైరయ్యాడు. అత్త పెద్దదైపోయి, మడి కౌలుకిచ్చి, మా అమ్మానాన్నల దగ్గరే ఉంటోంది. మధ్యాహ్నం మేమిద్దరం వసారాలో కూర్చుని చింతపండు గింజ తీస్తున్నాం. ఆ మాటా ఈ మాటా అవుతుండగా, ఏ ముందూ వెనకా లేకుండా అంది.

"మీ నాయిన నాతో ఒకేపాలి అబద్ధమాడేడే గుంటా."

నేను తలెత్తలేదు. "ఏమని?"

"ఎర్రనీళ్ళు నీలగిరి పక్కనించొచ్చేయని. నా మడికి నీళ్ళెటునించొచ్చేయో నాకు తెల్దేటి? ఆ మేట నానెత్తేను. తట్ట తట్టకీ కానుగకాయలే. పేడ సెక్కలు కూడా దొరికేయి, నాను సల్లిన పేడే."

"మరి అప్పుడే ఎందుకు అడగలేదత్తా?"

"అడిగితే ఆడు నిజం సెప్పాల కదా. ఆడు అలగ సెప్పబట్టే నాను మీ ఇంటికొచ్చి అంతకాలం అన్నం తిన్నాను. నేపోతే ఏ మొగం ఎట్టుకుని వత్తాను? సొంత మడిని సొంత సేత్తో పాడుసేసుకుని తమ్ముడి మీద పడి తింటందని నాకు నానే అనుకుని, ఆ గంజి తాగేసి ఆ గుడిసెలోనే పడుందును." గింజ తీసి పళ్ళెంలో వేసింది. "నాకు తెలుసని ఆడికి సెప్పకు. పాపం, సంతోషంగా ఉన్నాడు."

చెప్పలేదు. ఆ తరవాత కూడా ఎప్పుడైనా గట్టి వాన పడితే భోజనాల దగ్గర తుఫాను ప్రస్తావన వచ్చేది. "ఆ నీలగిరి కాలవే నా కొంప ముంచినాది," అనేది అత్త. "మరే అప్పా," అనేవాడు నాన్న. నేను వాళ్ళిద్దరి కంచాల్లో అన్నం వడ్డిస్తూ ఉండేదాన్ని.